దొంగ రాయి

గుణుపురం కోర్టు మెట్ల కింద
పేజీకి రెండు రూపాయలకి
అర్జీలు టైపు చేసేవాణ్ణి.
ఒడియా మిషను ఒకటి,
‘క్ష’ విరిగిన తెలుగు మిషను ఒకటి.
రక్షించమని రావలసిన ప్రతిచోటా
ఖాళీ వదిలి పెన్నుతో దిద్దేవాణ్ణి.
సవర మాటకి మిషనే లేదు.
కొండ దిగొచ్చినవాళ్లు పూటంతా చెప్పింది
నాలుగు వరసల్లో కుదించేవాణ్ణి.

ఆ యేడు చింతపండు సంతలో
సుంబారి రైతో బుట్ట దించింది.
షావుకారు తక్కెట్లో రాయేశాడు, రెండు కేజీలదన్నాడు.
సైకిలు దిగిన బాలశౌరి ఫాదరు
“ఓపాలి ఆ రాయి ఇలాగియ్యి బాబూ” అని
అంగీ జేబులో వేసుకుని పోయాడు.
అంగీ ఓ పక్కకి ఒరిగిపోయింది.
పోస్టుమాస్టరు కళ్లజోడు తుడుచుకుని
రెండుసార్లు తూచాడు.
రెండు కేజీల ఆరువందల గ్రాములు.

ఆదివారం పూజలో ప్రసంగం లేదు.
రాయి బల్లల వెంట చేయి మారుతూ పోయింది.
“ఎంతుంటదర్రా?”
ఆఖరి వరసలో ముసలామె అంది:
“రెండు కాదు. మా అమ్మ నాటినించీ కాదు.”
చేతులకి ముందే తెలుసు.
అడిగినవాడే లేడు.

విత్తనాల గది ఖాళీ చేశారు.
ఒక బల్ల, ఒక సరైన కాటా,
కోర్టు మెట్ల నుంచి నా మిషన్లు.
కేంద్రం అంటే అప్పటికి అంతే.
సిస్టర్ అంతోనమ్మ ఆడపిల్లలకి
అక్షరాల కంటే ముందు అంకెలు నేర్పింది,
మూడొందల అప్పుకి
పదకొండేళ్ల పాలేరుతనం ఎలా అయిందో
వాళ్లచేతే లెక్క కట్టించింది.
ఒక పిల్ల పలక కింద పెట్టేసి
బయటికెళ్లి కూర్చుంది. వాళ్ల నాన్న లెక్క అది.

పెద్దల దగ్గర్నుంచి ఉత్తరాలొచ్చాయి,
గురువుకి సంతలో ఏం పని అని.
షావుకారు మనుషులు సైకిలు ఏట్లో పడేశారు.
వంశధార ఎండాకాలం దాన్ని తిరిగిచ్చింది,
చక్రం ఒకటి తక్కువ.

కోర్టులో విచారణ అంటే వాయిదా.
ఫాదరు నోట విచారణ అంటే
ఇరవైమూడు ఊళ్లు, నడక.
ఈ తేడా అర్థం కావడానికి
నాకు ఆరేళ్లు పట్టింది.
నేను బాప్తిస్మం తీసుకోలేదు.
ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు ఫాదరు లేడు.
రాయి నా బల్ల మీదుంది,
ఫ్యాను గాలికి అర్జీలు ఎగరకుండా.
అన్నిటికంటే అడుగున సుంబారి పోడు పట్టా కాగితం.
పద్నాలుగేళ్లు.
నెలకోసారి వచ్చి, రాయెత్తి, చూసి, పెట్టి పోతుంది.

మిషను బాగు చేయించమంటే ఆయన వద్దన్నాడు ఒకప్పుడు:
“ఉండనీ.
ఆ ఒక్క చోటైనా
ఆగి, చేత్తో రాస్తావు.”