వాలుగ దవడ

పొందూరు ఖాదీ సంఘంలో గుమాస్తాని నేను.
చిలపలు లెక్కపెట్టి రాసుకోవడం నా పని.
రాజకీయాలకి నా రిజిస్టరులో గడి లేదు.

ఎక్కడో మంచుదేశపు ప్రధాని
మంగళవారం మా ఊరొచ్చి
నూలు వడకడం చూస్తాడని కబురు.
చిలకపాలెం జంక్షన్ నుంచి రోడ్డు
ఒక్క రాత్రిలో నల్లబడింది.
గుంతల్ని నమ్ముకుని బతికే పంచర్ల సింహాద్రి
ఆ నునుపు చూసి దిగులుపడ్డాడు.

మా నాయకుడి పరపతి చూడండ్రా అన్నారు వీళ్ళు.
మన సముద్రపొడ్డు మీద కన్నేసి వస్తున్నాడ్రా అన్నారు వాళ్ళు.
స్వాగతం బెలూన్లలోనూ, నల్ల బెలూన్లలోనూ
గాలి మాత్రం సింహాద్రి పంపుదే.

సంఘం గోడ మీది శిలాఫలకంలో
పాత మంత్రి పేరుందని దుప్పటి కప్పారొకరు.
తెల్లారేసరికి లాగేశారింకొకరు.
దుప్పటి మా స్టాకులోది, ఇంకా దొరకలేదు.
బాసిన సూరయ్య, తవిటయ్య, ఒకే కడుపున పుట్టినవాళ్ళు,
మాటలు మానేశారు.
పడుగు అతికే వేళ మాత్రం
దగ్గి పిలుచుకునేవారు.

అసిరమ్మకి అరవై ఎనిమిదేళ్ళు.
వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతుంది.
ఆ సన్నటి పళ్ళ దగ్గర
నలుసన్నది నిలవదు.
కూలి పెరిగిందని చెప్పమని వీళ్ళు నేర్పారు.
పెరగలేదని చెప్పమని వాళ్ళు నేర్పారు.
"ఓలమ్మ, ఆ బాబుకి తెలుగొచ్చేటి?" అంది అసిరమ్మ.

వచ్చాడు. పదకొండు నిమిషాలున్నాడు.
వేసిన కుర్చీ వదిలేసి
ఆమె ముందు నేల మీద మోకరిల్లాడు,
అది ఎవరి కాగితంలోనూ లేదు.
దవడ చేతిలోకి తీసుకుని, పళ్ళు నిమిరి
ఏదో అడిగాడు.
మిగతా చేప ఏమైందంటున్నారు, అన్నాడు దుబాసీ.
అసిరమ్మ పత్తి మీంచి కన్నెత్తలేదు.
"ఎవులో తినీసినారు బాబూ. మాకు దవడొచ్చింది."

దుబాసీ ఎంత చెప్పాడో, ఎంత మింగాడో.
ఆయన నవ్వలేదు. దవడకేసే చూస్తుండిపోయాడు.
ఆ చూపు కోరిక అనుకున్నాడు మా ఎమ్మెల్యే.
ఖాదీ పుట్టిన గదిలో
పట్టుగుడ్డ తెప్పించి, చుట్టి
దవడ బహూకరించేశాడు.
"మరి నాకో?" అంది అసిరమ్మ.
ఆ మాట తర్జుమా కాలేదు.

మర్నాడు మొదలైంది అసలు జాతర.
తినేసింది మీరంటే మీరని
రెండు జెండాలూ మూడు రోజులు అరుచుకున్నాయి.
రావద్దని బెలూన్లు ఎగరేసినవాళ్ళే
మన దవడ మనకి తిరిగిరావాలని టెంటు వేశారు.
దవడ విమానమెక్కడం జిల్లాకే గౌరవమని
ఇటువైపు ఇంకో టెంటు.
మైకుల వెనక దవడలు ఆడుతూనే ఉన్నాయి,
ఒక్కదానికీ దూది అంటలేదు.

గోదావరి వైపు నుంచి దవడలు తెచ్చే మనిషి
వానలు పడితే గానీ రాడు.
అసిరమ్మ అటక మీంచి పాతది తీసింది.
ముందు పళ్ళు ఊడిపోయాయి, పత్తి ఉండలు కడుతోంది.
"నాలాగే ఉందిది" అని
తన నోరు తెరిచి చూపించి నవ్వింది.
టెంట్లలోంచి ఎవరైనా
ఒక చేపతో వస్తారేమోనని చూశాను.
సింహాద్రి ఒక్కడే వచ్చి అడిగాడు,
ఎంతవుద్ది గుమాస్తాగారూ, అని.
చెప్తే, జేబు తడుముకుని, వచ్చేనెల చూద్దామన్నాడు.
కొత్త రోడ్డు కదా.

నెలాఖరు.
అసిరమ్మ పేరుకి ఎదురుగా చిలపలు సున్నా.
పని నిలిచిన కారణం రాయాలి.
దవడ లేదు, అని రాశాను.
శ్రీకాకుళం నుంచి కాగితం తిరిగొచ్చింది,
అంచున ఎర్ర సిరాతో ఒకటే ప్రశ్న:
ఎవరికి?