జెర వణకాలె

ఓదెలు కాలికి పట్టీ కట్టిన మూడోనాడు
పాల సైకిలు నా చేతికొచ్చింది.
పదో తరగతి దాక తొక్కిన్నంటే
"అప్పుడు నీ ఎనుక ముప్పై లీటర్లు లెవ్వు" అన్నడు
మంచంల నుంచే.

నాలుగున్నర. హసన్‌పర్తిల డిసెంబర్ మంచు
వీధిలైటు కిందికి వచ్చి నిలబడ్డది.
ఆయన చెప్తాండు, నేను తొడుక్కుంటాన.
ముందు మెత్తటి నూలు అంగీ, ఆయనదే.
"నైలాన్‌ది వద్దు, చెమట తాగదది."
అంగీ మీద పాత పేపరు, నాలుగు మడతలు,
గాలి తగిలే కాడ, ఎదకు అడ్డంగ.
అండ్ల ఎవలో మంత్రి రిబ్బను కత్తిరించుకుంట
నా కడుపు మీద నవ్వుతాండు.
దాని మీద మోచేతుల కాడ పోగులూడిన స్వెట్టరు.
చీర కింద ఆయన ప్యాంటు,
గొలుసు గుంజకుంట మడిమెల కాడ రబ్బరుబ్యాండ్లు.
చెవులకు మఫ్లరు. చేతులకు
మా పిల్లగాని బడి సాక్సులు,
బ్రేకు అందేతందుకు వేళ్ళ కాడ కోసినవి.

"బయలెల్లేటప్పుడు జెర వణకాలె.
వణుకు రాలేదంటే ఒకటి ఎక్కువైనట్టు" అన్నడు.
అనుకుంటనే
కప్పుకున్న చద్దరు తీసి నా భుజాల మీదేసిండు.
ఆ మాటకూ ఈ చెయ్యికీ
పొత్తెట్ల కుదురుతదని నేనడుగలె.

అప్పుడే పితికిన పాలు, క్యాన్లు ఇంక గోరువెచ్చగున్నయి.
తొక్కినప్పుడల్ల పిక్కకు తగులుతాంటే
ఎవలో పక్కపొంటి నడుస్తున్నట్టు.

ఎర్రగట్టుగుట్ట ఎక్కుడు కాడ
చలి ఎటు పోయిందో పోయింది.
పెయ్యంత కుంపటి.
మఫ్లరు లోపల చెవులు ఉడుకుతానయి,
చద్దరు మెడకు ఉరితాడైంది,
పేపరు నాని నాని
మంత్రి రంగు అంగీకి దిగింది.
ఆగి ఇప్పుదమా అంటే
ఎత్తు మీద ఆగిన పాలసైకిలును
మళ్ళ కదిలిచ్చుడు నాతోని కాదు.
తొక్కిన.

భీమారం దిక్కు దిగుడు షురువైంది.
గాలి నా చెమటనే ఎతుక్కుంట వచ్చింది.
తడిసిన అంగీ వీపును
చెరువులకెల్లి అప్పుడే తీసిన వలలెక్క పట్టుకున్నది.
పండ్లు టకటక కొట్టుకుంటానయి,
ఇన్ని బట్టలల్ల, ఇంత మూటల.

యూనివర్సిటీ గేటు కాడ టీ బండి రాజమణెవ్వ
నన్ను కింది నుంచి మీది దాక చూసింది.
"ఓదెలు భార్యవా? బట్టలకొట్టు మొత్తం ఏసుకోని వచ్చినవేందే?
మీ ఆయన గుట్ట కింద ఇప్పుతడు,
గుట్ట మీద తొడుగుతడు.
ఎండకాలం తప్ప రోజూ గదే పని."
పదిహేడేండ్ల సంసారంల
ఈ ముచ్చట నాకు టీ బండి కాడ తెలిసింది.
పేపరు పీకి ఆమె పొయ్యిల ఏసిన.
తడి కాయితం, శానసేపు పొగే వచ్చింది.

నయీంనగర్ల మెట్లెక్కుడు, దిగుడు,
లీటరు, అర లీటరు,
"ఈయాల పాలు పలుచగున్నయేంది" అనేటామె,
"ఓదెలు ఎట్లున్నడు" అనేటాయన.
మళ్ళచ్చేటప్పుడు క్యాన్లు ఖాళీ.
పొద్దున ఎచ్చగ తగిలిన కాడనే
ఇప్పుడు సల్లటి రేకు, డొల్ల సప్పుడు.

పెండ్లయిన కొత్తల నాకు కోపముండేది.
పాలేసి ఇంటికొచ్చినోడు నాతోని మాట్లాడకుంట
ముందుగాల దుడ్డె కాడికి పోయి
దాని గంగడోలు కింద రెండు చేతులు పెట్టి
నిలబడేది కండ్లు మూసుకోని.
ఈయాల సైకిలు గోడకానిచ్చి
నేనూ గాడికే పోయిన.
ఓదెలు కిటికీలకెల్లి చూసి నవ్విండు. నేను పలుకలె.
వేళ్ళు నావి అయ్యేదాక
మాటెట్లొస్తది?

తెల్లారి ఆయన మళ్ళ చద్దరు పట్టుకోని తయారు.
"వణుకుతాన, చూడు" అని చెయ్యి ముందటికి పెట్టిన.
పట్టుకోని చూసిండు, నాడి చూసినట్టు.
చద్దరు మడతపెట్టి తన కాలి మీదేసుకున్నడు.

గుట్ట కింద ఆగిన.
స్వెట్టరు ఇప్పి హ్యాండిలుకు కట్టిన.
ఎక్కుతాంటే ఎదురుగాలికి
దాని చేతులు రెండూ నా దిక్కే వస్తానయి.