మిరపయార్డు పట్టా

గుంటూరుకి చలికాలమేంటమ్మా,
ఎండ కాసేపు చెప్పులిప్పి కూచుంటుందంతే
అంటాడు సైదావలి,
మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి
మెట్టు మీద గొట్టం సర్దుతూ.

నిజమే. ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు.
కానీ కార్తీకం రాగానే
పిల్లల తల్లులు ఒక్కొక్కరే ఫోను చేస్తారు:
జలుబండీ, దగ్గండీ, పరీక్షలండీ.
పదకొండు మందిలో ఆఖరికి
కెజియా ఒక్కతే వచ్చింది.
అదీ ఈతకి కాదు,
మర్చిపోయిన జడరిబ్బను కోసం.

మొన్న మున్సిపాలిటీ అబ్బాయొకడు
టార్చి వేసి దోమపిల్లల్ని వెతికాడు.
వాడనప్పుడు మూసెయ్యండి మేడమ్, లేదంటే ఫైను.
ఆ మాటొక్కటే
మా పెరటికి శీతాకాలాన్ని తెచ్చింది.

పద్దెనిమిదడుగుల పొడవు, పది వెడల్పు,
నాలుగున్నర లోతు.
గోరంట్లలో మా వీధంతా దీన్ని
టీచరుగారి తొట్టి అంటుంది.
తొట్టే. మే నెలలో మాత్రం
దీని గోలకి పక్కింటి ఏసీ చప్పుడు
ఎవరికీ వినపడలేదు.

సైదావలి ముందు వల తీస్తాడు.
గోడ మీంచి ఒంగిన బాదంచెట్టు
రోజూ పడేసే ఎర్రాకుల్ని
పప్పులోంచి ఎండుమిరపకాయ తీసినట్టు
ఒక్కొక్కటే ఏరుతాడు.
తర్వాత బ్రష్షు.
తర్వాత చిన్న సీసాలో నీళ్లు పట్టి
ఎర్రమందు రెండు చుక్కలేసి
ఒక కన్ను మూసి ఎండకేసి చూస్తాడు,
కంసాలి రాయిని చూసినట్టు.
పులుపెక్కిందమ్మా, అంటాడు.
నీళ్లకీ పులుపుంటుందని
మొదటి ఏడాది ఇతను చెప్తేనే తెలిసింది.

సోడా కలిపాడు. క్లోరిను బకెట్టు పట్టుకుని
గట్టు వెంట నడుస్తూ పోశాడు,
వాకిట్లో కళ్లాపి చల్లినంత ఒడుపుగా.
జల్లెడ బుట్టలో ఒక కప్ప.
దాన్ని అరచేతిలోకి తీసుకుని
గోడవతల తడిమట్టిలో వదిలి
చేతులు కడుక్కోకుండానే బీడీ వెలిగించాడు.
నేనేమీ అనలేదు.

అడుగున:
రబ్బరుబ్యాండు, గాగుల్సు తాడు,
ఎవరిదో పాలపన్ను
(నిజంగానే, ఎవరూ అడగలేదు),
పదిరూపాయల బిళ్ల.

బిళ్ల నేనే వేశాను, ఏప్రిల్లో.
తీసినవాళ్లకే, అన్నాను.
పదిమంది తీశారు, సరదాకి మళ్లీ వేశారు.
కెజియా మాత్రం కమ్మీ పట్టుకుని
మెట్టు మీదే,
పెదాలు నీలమయ్యేదాకా చూస్తూ.
రేపు మిస్, అనేది.
నలభైమూడు రేపులు లెక్కపెట్టాను.
అందులో ఒక రేపుకి నేను అరిచాను.
ఆ సాయంత్రం తల తుడుచుకోకుండానే
వెళ్లిపోయింది.

సైదావలి గొట్టం బిళ్ల దాకా వచ్చింది.
ఉంచెయ్, అన్నాను.
నల్లబడుద్దమ్మా, టైలుకి మరక పడుద్ది.
పడనీ.

అసలు కవరైతే పాతికవేలట.
సైదావలి బావమరిది యార్డులో హమాలీ.
అతనిచ్చిన పాత పట్టా విప్పామో లేదో
సైదావలి, నేను,
గేటు దగ్గర రిబ్బను చుట్టుకుంటున్న కెజియా,
ముగ్గురం ఒకేసారి తుమ్మాం.
మళ్లీ తుమ్మాం.
కళ్లల్లో నీళ్లతో ఆ పిల్ల నవ్వింది,
ఏప్రిల్ తర్వాత మొదటిసారి.
ఎన్ని వేల టిక్కీల మిరపకాయలు
దీని కింద వానకి తడవకుండా బయటపడ్డాయో.
ఇప్పుడు పాపం
నీళ్లని తడవకుండా కాయాలి.

నాలుగువైపులా ఇసుకమూటలు పెట్టాం.
కెజియా కూడా ఒకటి మోసింది,
రెండు చేతులా, పొట్టకి ఆనించుకుని.

పదిరోజులకి వాయుగుండం.
రాత్రంతా కురిసింది.
పొద్దున చూస్తే పట్టా మీద ఇంకో కొలను,
జానెడు లోతు,
అడుగున మిరపగింజలు,
పచ్చగా, చిల్లర పోసినట్టు.

కాకి ఒకటి వచ్చి అంచున వాలింది.
ఒక కాలు పెట్టింది. తీసేసింది.
మెడ వంచి గింజల్ని చూసింది.
మళ్లీ కాలు పెట్టింది. మళ్లీ తీసింది.
వంటింటి కిటికీలోంచి నేనేమీ అనలేదు.
చాలాసేపు అక్కడే ఉండి
ఎగిరిపోయింది.

రేపొస్తుందిలే.