చుక్కల లెక్క

తాళాలు చేతిలో పెట్టిన రెండు రోజుల్లోపే అడిగెయ్యాలి
అంటాడు మా ఆఫీసు పెద్ద గార్నెట్.
ఆలస్యమైతే సంతోషం తరక కడుతుందట,
తాగకుండా వదిలేసిన కాఫీలా.
అడగందే అమ్మైనా పెట్టదు, ఒడెట్,
ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెడతారా?

అతనికి రెండు వందల పదకొండు సమీక్షలు.
నాకు ఇరవై ఆరు.
అందులో ఒకటి మా పిన్ని కూతురిది,
ఇంటిపేరు వేరవడం వల్ల ఎవరూ పట్టుకోలేదు.
సిగ్గుగానే ఉంది. తీసెయ్యమని మాత్రం చెప్పలేదు.

సెయింట్ జాన్‌లో ఇల్లు అమ్మడమంటే
సగం పొగమంచును అమ్మడం.
కిటికీలోంచి రేవు కనిపిస్తుందని ప్రకటనలో రాస్తాం,
కొనేవాళ్ళు వచ్చిన రోజున
కిటికీయే కనిపించదు.

మారిసెల్ గుర్తొస్తుంది నాకు.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి
యూనిఫాం మీదే స్వెటర్ తొడుక్కుని వచ్చింది, వెంట భర్త.
నేలమాళిగ గోడకు కొత్త సున్నం.
మోకాలెత్తున రంగు కొంచెం వేరు.
గోరుతో గీకాను. తడి.
"ఇది మీరు కొనొద్దు" అన్నాను,
నా కమిషన్‌ను నా నోటితోనే ముంచుకుంటూ.
ఆమె నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.
అమ్మకం లేదు, సంతకం లేదు,
రెండు ముక్కలు రాయమని అడగడానికి సందూ లేదు.
ఏడాది తర్వాత మాంక్టన్‌లో ఇల్లు కొన్నారు.
అక్కడి ఏజెంటుకు అయిదు చుక్కలు.
"నిజాయితీపరుడు" అని రాసింది.
రెండుసార్లు చదివాను.
అయ్యే ఉంటాడు.

ఇక వెండెల్, లోర్నా.
పెళ్ళి విడిపోయింది, ఇల్లు మిగిలింది.
అయిదు నెలలు ఆ ఇల్లు నాకు చుక్కలు చూపించింది.
సోమవారం ఆయన వచ్చి డబ్బాలు సర్దుకోవాలి, గురువారం ఆమె.
భోజనాల బల్ల ఇద్దరూ వద్దన్నారు,
కుక్కను ఇద్దరూ కావాలన్నారు.
డబ్బు చెరిసగం పంచిన సాయంత్రమే
నా కంప్యూటర్ నన్నడక్కుండా
ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపింది:
"కొత్త గూటికి శుభాకాంక్షలు!
మీ ఆనందాన్ని నలుగురితో పంచుకోండి!"
కింద అయిదు ఖాళీ చుక్కలు,
వడ్డన కోసం పరిచిన విస్తళ్ళలా.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన జవాబివ్వలేదు.
ఆమె నాలుగిచ్చింది.
"మేమిద్దరం ఒక్కసారి కూడా
ఎదురుపడకుండా చూసుకుంది.
వెనక మెట్ల దగ్గర బల్బు మాత్రం మార్చలేదు."

అడక్కపోతే ఈ మాట ఎక్కడ ఉండేది?
అడిగినందుకు సిగ్గుపడ్డ నేనే
దాన్ని ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో
ఎవరికీ చెప్పను.

ఇక్కడి నది రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుంది.
సముద్రం పోటెక్కి తోస్తుంది,
నది తలొంచుకుని వచ్చిన దారినే పోతుంది.
మెచ్చుకోలు కూడా
అలా తోస్తే వచ్చేదేనేమో.
కాస్త ఉప్పు కలుస్తుంది, అంతే.

ఇవాళ ఇంకో ఇంటి తాళాలిచ్చాను.
రేవులో క్రేన్ నడిపే డెస్మండ్‌కు అది మొదటి ఇల్లు.
గుమ్మంలో నిలబడి
గోడను అరచేత్తో తట్టి చూసుకున్నాడు,
కొత్త గుర్రాన్ని మచ్చిక చేసుకుంటున్నట్టు.
ఆఫీసుకొచ్చి ఉత్తరం తెరిచాను.
"ఆనందాన్ని" కొట్టేశాను.
"అయిదు" కొట్టేశాను.
"తీరికైతే, ఏం జరిగిందో రాయండి" అన్నచోట
వేలు ఆగింది.

గార్నెట్ లెక్కలో ఇంకా నలభై గంటలున్నాయి.
వెళ్ళేదారిలో బల్బు ఒకటి కొనాలి.
డెస్మండ్ ఇంటి వెనక మెట్ల దగ్గరా
చీకటే.