దేనితోనూ పోనిది

సోహార్ రేవులో ఏడో వరస, అడుగు పెట్టె.
ఉప్పుగాలికి రంగు లేచిన రేకు మీద
తొమ్మిది తొమ్మిది తొమ్మిది తొమ్మిది ఎనిమిది మూడు.
కాగితమేదో తక్కువై కస్టమ్స్ వాళ్లు ఆపేశారు.
ఆపిన పెట్టె ఆపినచోటే ఉందని
గంటకోసారి రాయడం రాత్రిపూట నా ఉద్యోగం.

మూడో రాత్రి, ఊరికే, రెండుతో మొదలుపెట్టాను.
పోదు.
మూడుతో: అంకెలన్నీ కూడితే నలభై ఏడు, పోదు.
ఏడుతో శేషం ఐదు. పదకొండుతో ఆరు.
పదమూడుతో పది మిగిలింది.
టాలీ కాగితాల వెనకవైపులు నిండుతున్నాయి.

ఫోనులో కొడితే క్షణం. కొట్టలేదు.
వెయ్యి దాటక్కర్లేదని మాత్రం తెలుసు,
అంతకన్నా పెద్దదానికి లొంగే సంఖ్యైతే
దాని చిన్న జత ఈపాటికే పట్టుబడి ఉండాలి.
మెట్‌పల్లి కాలేజీలో అనసూయ మేడం నేర్పిన జల్లెడ
పెన్నుతో మళ్లీ పట్టాను:
వెయ్యిలోపు నిలిచినవి నూట అరవై ఎనిమిది.

క్రేను దిగొచ్చిన జర్దాద్ ఖాన్ సులేమానీ వంపుతూ
"దొరికితే ఏమొస్తుంది?" అన్నాడు.
"దొరకదని తెలుస్తుంది."
చాలాసేపు ఆలోచించి
నా కప్పులో ఇంకో చెంచా చక్కెర వేశాడు.

నా జీతం నూట ఇరవై రియాళ్లు.
రెండుతో పోతుంది, మూడుతో పోతుంది,
నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు,
వీసా ఇప్పించిన బాలమల్లుతో పోతుంది,
చిట్టీతో, గది గ్యాసు బండతో పోతుంది.
శేషం సున్నా.
ఎంత నున్నగా పోతుందో!

ఇదే లెక్కన పెట్టెలుంటే
ఏ మేస్త్రీ వాటిని సమంగా వరసలు పేర్చలేడు.
ఒక్కటే బారు పెట్టాలి,
ఆరువేల కిలోమీటర్లు,
సముద్రం మీదుగా, మా మండలం మీదుగా, ఇంకా ఎటో.

"ఏం విశేషాలు?" అంది జలజ ఫోనులో.
శేషాలే, అన్నాను.
తొమ్మిదివందల పదకొండుతో కూడా పోలేదు.
"పోనీలే" అంది.
ఇద్దరం నవ్వాం. ఆమె ఎందుకు నవ్విందో అడగలేదు.

పక్కింటి సంఖ్యల్ని కూడా తట్టి చూశాను.
ఎనభై తొమ్మిదితో ముగిసేది పంతొమ్మిదికి లొంగింది,
తొంభై ఒకటిది పదిహేడుకే.
తొంభై ఏడుది మొండికేసి
ఏడువందల యాభై ఏడు దగ్గర చేతులెత్తేసింది.
దీని తర్వాత ఆరంకెల్లో ఇలాంటిది ఇంకోటి లేదు.

పదకొండో తెల్లవారుజాము, మసీదు మైకు గొంతు సవరించుకునే వేళ,
ఆఖరిది, తొమ్మిదివందల తొంభై ఏడు.
వెయ్యిన్ని రెండుసార్లు పోగా
తొమ్మిదివందల ఎనభై తొమ్మిది మిగిలింది.
పెన్ను మూత పెట్టి, బయటికి వెళ్లి
ఆ రేకు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

ఆరింటికి కబురు: కాగితం దొరికిందట.
జర్దాద్ నాలుగు మూలలా కొక్కేలు దింపాడు.
దేనితోనూ పోని సంఖ్య
ఏడు గంటల ఓడతో పోయింది.

లెక్క గడిలో "ఒకటి" అని రాసి
సంతకం పెట్టాను.