అట్ల తిరుక్కో

హసావిలో శుక్రవారం.
ఒకటే గది, ఏడుగురం,
ఒక కుక్కరు, ఐదు చార్జర్లు.
ఓబులమ్మ పెద్దమ్మ ఒళ్లో ఫోను
మూత లేని గిన్నె మాదిరి తెరుచుకోనుంది.

"తాళమెయ్యి పెద్దమ్మా" అంటాను.
"ఏముండాదే మనకాడ దాచేదానికి?
రెండిండ్లలో అంట్లు తోమేదాన్ని,
నా కథ ఎవురికి కావల్ల?"
చెన్నకేశవన్న పై మంచం మీంచే అందుకుంటాడు:
"తప్పు చేసినోళ్లకే తలుపులు కావల్ల."
అంటాడు గానీ,
స్నానాల గదికి గడియ పెట్టకుండా ఆయన పోయిందెప్పుడో
నేనైతే చూళ్లేదు.

నాది టైపింగ్ సెంటర్లో పని.
పొద్దున ఎనిమిది నుంచి
మనుషులు నా కాడికి కాయితాలై వస్తారు.
పుట్టిన తేదీ, మొగుని పేరు, బ్లడ్ గ్రూపు, బొటనవేలి ముద్ర.
ఒకనాటి మాపటేళ సమోసాల పొట్లం విప్పితే
లోపల ఒక ఆడమనిషి.
పాస్‌పోర్టు జిరాక్సు.
బుగ్గ మీద నూనె మరక.
పుట్టిన ఊరు మా పక్క మండలమే.
తినబుద్ది కాలేదు, పారెయ్యబుద్ది కాలేదు.
ఆమె మొగం తుడిచి, సన్నంగా చించి
మూడు వీధుల్లోని మూడు చెత్తడబ్బాల్లో
ఏసొచ్చినా.

ఇది చెప్తే అన్న నవ్వినాడు.
"కాయితం వేరే, ఫోను వేరే."
వేరేనే అన్నా.
కాయితం ఒక్క పొట్లమే కడతాది.
నువ్వు మొన్న గ్రూపులో పెట్టిన సివిల్ ఐడీ
ఎన్ని పొట్లాలు కడతాదో ఎవురు లెక్కపెట్టల్ల?
జీతం పడిన మెసేజిని ఫోటో తీసి మురిపెంగా పంపితివి,
తెల్లారకముందే బాకీ అడిగేటోళ్లు ముగ్గురు తేలిరి.
లోనిస్తామన్న యాప్‌లో "సరే" నొక్కితివి,
నీ ఫోన్లోని రెండొందల పేర్లూ
నిన్ను అడక్కుండానే నడిచిపాయె.
బ్యాంకు నుంచి అని చెప్పినోడు
నీ బిడ్డను ముద్దుపేరుతో ఎట్ల అడిగినాడు?

అన్న అటు తిరిగి పండుకున్నాడు.
ఒప్పుకోవడం కాదది,
ఏసీ గాలి అటేపుంది.

పెద్దమ్మ మాత్రం
బియ్యంలో రాయి తగిలినట్టు నమలడం ఆపింది.

"అప్పుడు క్యాసెట్లుండె" అనింది.
"నాకు రాత రాదు గదా.
మేడమ్ పండుకున్నాక బాత్రూములో కుళాయి ఇప్పి
టేపులో మాట్లాడేదాన్ని.
ఒకసారి మీ పెదనాయనకని
చిట్వేలు దిక్కు పోయే డ్రైవరు చేతికిస్తి.
వాడు ఇంగొకరికిచ్చె.
ఆ ఇంగొకరు బంకు కాడ ఏసి విన్యారంట.
రెండేండ్లకు నేను లీవుకు పోతే
బస్టాండులో పిల్లోళ్లు
నా మాదిరే ఎక్కిళ్లు పెట్టి నవ్విరి."

కుక్కరు కూసింది. మళ్లీ కూసింది.
ఎవురూ లేవలేదు.

"ఏం దాచినాను మే దాంట్లో?
ఏడ్చినానంతే."

వారం దినాలుగా కూడబెట్టుకున్న నా మాటలు,
ఓటీపీ అనీ, రెండో తాళమనీ,
నోట్లోనే ఉండిపోయినాయి.

పెద్దమ్మ ఫోను నా దిక్కు తోసింది.
"ఆ తాళమేందో పెట్టు."
ఆరంకెలు కావల్ల పెద్దమ్మా,
పుట్టిన తేదీ మాత్రం వద్దు.
"నా పుట్టిన తేదీ నాకే తెలీదు పో.
పాస్‌పోర్టులో ఉండేది ఏజెంటు పెట్టింది."

అంకెలొచ్చు ఆమెకు.
ఇరవై రెండేండ్లు దినార్లు లెక్కబెట్టిన వేలు
తెర మీదికొచ్చి ఆగింది.
తలెత్తి నన్ను చూసింది.

"అట్ల తిరుక్కో మే."

గోడకు తిరిగి నిలబడినా.
పెచ్చులూడిన సున్నం, వేలాడే వైరు,
పాత బాడుగోళ్లెవురో రాసిపోయిన నంబరు.
వెనకాల ఆరుసార్లు
చిటుక్కుమని చిన్న సద్దు.

ఇంత హాయిగా నన్నెవురూ
బయటికి నెట్టింది లేదు.