పన్నెండేళ్ల లోపు

మెనూ కార్డులో ఆఖరి పేజీ,
ఐస్‌క్రీముల కింద, చీమల బారులాంటి అక్షరాల్లో:
కిడ్స్ మీల్. పన్నెండేళ్ల లోపు వారికి మాత్రమే.
కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చదివాను.
"ఇదొకటి" అన్నాను.

కుర్రాడు కోరాపుట్ వైపు వాడు, తెలుగు ఇంకా పచ్చిగానే ఉంది.
"బేబీ ఎక్కడ సార్?" అంటూ
వంగి బల్ల కింద చూశాడు.
అక్కడ నా చెప్పులు, నూకరత్నం సంచీ.

"బేబీని నేనే" అన్నాను.

పోర్టులో ముప్ఫయ్యొక్క ఏళ్లు క్రేన్ నడిపాను.
ఇనుప ఖనిజం, బొగ్గు, ఒకసారి ఏకంగా రైలింజను,
గాల్లో ఊగుతుంటే కింద అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు.
క్యాంటీన్లో నా పళ్లేనికి 'గొడౌన్' అని పేరు.
అప్పలకొండ గరిటె ఎత్తి
"ఇంకా ఏసీమంతావేటి గురువా?" అనేవాడు.
నా జవాబు కోసం ఆగేవాడు కాదు.

ఇప్పుడు కేజీహెచ్ డాక్టరమ్మ
నా కడుపులో మూడింట రెండొంతులు కోసి తీసేసింది.
మిగిలింది పిడికిలంత.
"కొంచెం కొంచెం తినండి" అంది,
పిచ్చుకకి చెప్పినట్టు.

పార్సిల్ కట్టించుకోవచ్చుగా అంటారు.
కట్టించాం. ఆర్నెల్లుగా కట్టిస్తూనే ఉన్నాం.
ఫ్రిజ్జు తలుపు తీస్తే చాలు,
వెండి కాగితాలు కప్పుకుని పడుకున్న బిర్యానీలు
నిద్ర చెడినట్టు నా వైపు తిరుగుతాయి.

టై కట్టుకున్న మేనేజరు వచ్చాడు.
"రూల్ సార్. ఏమీ అనుకోకండి, మీ వయసు..."

వయసెంత.

ఆ ప్రశ్న అంత గట్టిగా నన్నడిగింది
పెందుర్తి బస్సు కండక్టరొక్కడే.
అమ్మ ముందే చెవిలో చెప్పింది:
"మోకాళ్లు ముడుసుకో. పదకొండని సెప్పు."
నాకు పదమూడు. పెదవి మీద నూగు.
వెన్ను నిటారుగా నిలిపి
బస్సంతా వినేలా "పదమూడు" అన్నాను.
నిజాయితీ కాదది, మీసం పొగరు.

అమ్మ కొంగుముడి విప్పింది.
అర టిక్కెట్టు ఫుల్లు టిక్కెట్టయింది.
ఏమీ అనలేదు.
పూర్ణా మార్కెట్ వెనక మెస్సులో
ఒక్క భోజనమే చెప్పింది.
"నాకాకలి నేదురా, నువ్వు మిగిల్సింది తింతాను" అంది.

నేనేమీ మిగల్చలేదు.
విస్తరి అంచున పెరుగు చారిక కూడా
వేలితో తీసి నాకాను.
ఆవిడ గ్లాసుడు నీళ్లు తాగి
ఆ విస్తరాకు తనే మడిచింది.

"అరవై నాలుగు" అన్నాను మేనేజరుతో,
ఈసారి గొంతు తగ్గించి.
నూకరత్నం అందుకుంది:
"పెద్దోళ్ల డబ్బులే తీసుకో నాయినా,
పిల్లగుంటల కూడు పెట్టు, చాలు."

ప్లేటొచ్చింది.
ఎలుగుబంటి మొహంలా అచ్చుపోసిన అన్నం,
జీడిపప్పు కళ్లు, క్యారెట్టు నాలుక,
పక్కన నాలుగు రంగు పెన్సిళ్లు,
రంగులేసుకోడానికో చేప బొమ్మ.
ఒక చెవి తిన్నాను. ఆగాను. రెండో చెవి.
చివరికి గడ్డం దగ్గర ఓ ముద్ద మిగిలితే
పళ్లెం అంచుకి జరిపాను,
ఎవరి కోసమో తెలీకుండానే.
నూకరత్నం దాన్ని నోట్లో వేసుకుని
"ఉప్పు తక్కువ" అంది.

బయటికొస్తుంటే కుర్రాడు పరిగెత్తుకొచ్చి
ఎర్ర బెలూన్ చేతిలో పెట్టాడు.
"రూల్ సార్" అన్నాడు, నవ్వకుండా.

బీచ్ రోడ్డు మీద సముద్రపు గాలికి
అది నా చేతిని లాగుతోంది, అటూ ఇటూ,
రైలింజను ఎత్తిన చేతిని.
సబ్‌మెరైన్ దగ్గర ఓ చంటిది ఆగి
బెలూన్‌ని చూసి, నన్ను చూసి, మళ్లీ బెలూన్‌ని చూసింది.
ఇవ్వలేదు. అది నాది.

బస్సెక్కాక కండక్టరు "ఎక్కడికి?" అంది.
"పెందుర్తి. ఫుల్లే" అన్నాను.
అన్నానే గాని,
ముందు సీటు వెనక నా మోకాళ్లు
వాటంతటవే ముడుచుకున్నాయి.